తెల్లని దారి

చలికాలం కదా, ఆ నార్వే దీవి మీద మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. గున్‌వోర్ చేతులు రుద్దుకుంటూ, లైట్‌హౌస్ పక్కనే ఉన్న అన్నగారి ఇంట్లోకి వచ్చింది. వదిన మాల్‌ఫ్రిడ్ ఎప్పటిలాగే ఇంట్లో వేరే దీపం పెట్టకుండా, కిటికీలోంచి పడే లైట్‌హౌస్ వెలుగులో కూర్చుని ఉంది. ఒళ్ళో సగం అల్లిన స్వెటర్.

"అన్నయ్య ఇంకా రాలేదా?"

"దీపానికి నూనె తెస్తానని పొద్దున ఊళ్ళోకి వెళ్ళాడు. దీపం నేనే వెలిగించాను."

గున్‌వోర్ పొయ్యి మీది కాఫీ వంచుకుంది. "తాగి ఎక్కడో కూర్చునుంటాడు. మన టోర్గైర్‌కి దీపం పెట్టాల్సింది సముద్రానికి కాదు వదినా, సారా కొట్టు గుమ్మంలో."

మాల్‌ఫ్రిడ్ నవ్వలేదు.

"బెంగపడకు. ఎంత తాగినా దారి తప్పడు. దీపం తెల్లగా కనిపిస్తే తిన్నగా రావాలి, ఎర్రగా కనిపిస్తే ముందు బండలున్నాయి, పడవ తిప్పుకోవాలి. నడక రాకముందే నేర్చుకున్నాడు."

"నేర్చుకున్నాడు," అంది మాల్‌ఫ్రిడ్.

గాలి ఆగింది. దూరంగా పడవ మోటారు చప్పుడు.

"అదిగో! చెప్పానా!" గున్‌వోర్ సంబరంగా వదిన చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, అలాగే ఉండిపోయింది.

మణికట్టు చుట్టూ ఎర్రగా వేళ్ళ అచ్చులు. మెడ కింద ఇంకొన్ని.

రోజూ ఇక్కడే కూర్చునేది తను. సాయంత్రాలు వదిన ఒళ్ళు మచ్చ లేకుండా కనిపిస్తే, లోలోపల అసూయ పడేది కూడా.

"ఇవెప్పుడయ్యాయి వదినా?"

"ఎప్పుడూ ఉన్నవే. నువ్వొచ్చేది చీకటి పడ్డాక. ఈ ఇంటి మీద పడేది బండల వైపు వెలుగు, దీపం ముందు పెట్టిన ఎర్ర అద్దంలోంచి వచ్చేది. ఆ అద్దం ఎరుపొక్కదాన్నే వదిలి, మిగతా రంగులన్నీ మింగేస్తుంది. ఎర్ర వెలుగులో ఎర్ర మచ్చా, తెల్ల చర్మమూ ఒకటే." మాల్‌ఫ్రిడ్ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "దీపం వెలిగితే చాలు, నాకేమీ జరగలేదనిపించేది."

గున్‌వోర్ తల తిప్పి చూసింది. కిటికీ బయట మంచు తెల్లగా మెరుస్తోంది. మోటారు చప్పుడు దగ్గరవుతోంది, తిన్నగా, ఏ తడబాటూ లేకుండా.

మాల్‌ఫ్రిడ్ స్వెటర్ తీసి పక్కన పెట్టింది. ఆమె ఒళ్ళో, పైన దీపం ముందు ఉండవలసిన ఎర్ర అద్దం ఉంది.