జట్టులో ఆఖరివాడు

నాకంటే నెమ్మదిగా నడిచేవాడు ఈ భూమ్మీద ఒక్కడైనా ఉండడా?

కొండ మొదటి మలుపులోనే బన్ను తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది.

అతనిది బేకరీ. స్నేహితులు ఆ పేరు పెట్టింది వృత్తిని చూసి మాత్రమే కాదు, ఆకారాన్ని చూసి కూడా.

ముందు ఇద్దరు నడుస్తున్నారు. ఒకరు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. రెండోవాడు బన్ను బావమరిది.

జట్టుకు మాస్టారు పెట్టిన నియమం ఒకటుంది. వరుసగా మూడుసార్లు శిఖరానికి ఆఖరున చేరినవాడి లైసెన్సు రద్దు. అంటే, ఇక నడకలకు పిలుపు ఉండదు.

బన్నుకు రెండుసార్లు అయిపోయాయి. వారమంతా ఓవెన్ ముందు నిలబడే మనిషికి ఈ నడక ఒక్కటే ఆటవిడుపు.

"బావా! వస్తున్నావా, అక్కడే వేళ్లూనావా?" పైనుంచి బావమరిది కేక.

"వస్తున్నాలేరా! కొండేమన్నా పారిపోతుందా?"

"కొండ పారిపోదయ్యా, నీ లైసెన్సే పోతుంది!" అన్నారు మాస్టారు. "ఎంతసేపని ఫస్ట్ గేర్లో లాగుతావు?"

ఇద్దరూ నవ్వుకుంటూ పొగమంచులో కలిసిపోయారు.

బన్ను ఒక బండమీద కూలబడ్డాడు. యథాలాపంగా వెనక్కి చూసి, ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

వెనక ఎవరో వస్తున్నారు. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, ఆకాశం చూస్తాడు, మళ్లీ కదులుతాడు. నత్త చూస్తే నవ్విపోయే నడక.

బన్ను గుండె గంతులు వేసింది.

"ఏవండీ, మీరూ పైకేనా?"

"పైకేనండీ. ఎప్పటికి చేరతానో మాత్రం అడక్కండి."

"ఆహా, ఎంత చల్లటి మాట! మీకు జట్టుందా?"

"లేదండీ."

"ఇప్పుడుంది. మాదే. కాదన్నారో, నా మీద ఒట్టే!"

నియమం సంగతి దాచకుండా చెప్పేశాడు. ఆ మనిషి తలూపుతూ విన్నాడు.

"అంటే, నేను ఆఖరున వస్తే చాలు."

"అంతే! మీరేం కష్టపడక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్నట్టే నడవండి."

తోడు దొరికితే ఓటమి సగమవుతుందంటారు. మొత్తంగా మాయమవుతుందని బన్నుకు అప్పుడే తెలిసింది. ఈల వేస్తూ నడిచాడు. అతను ఆగినచోటల్లా వెనకనున్న మనిషీ ఆగాడు.

కొంత దూరం పోయాక దారి రెండుగా చీలింది. ఎడమవైపు వెడల్పుగా, చదునుగా ఉంది. బన్ను అటే తిరిగాడు.

"అటు వద్దండీ. నాకు మోకాలి నొప్పి. కుడివైపు పోదాం."

కుడివైపు రాళ్లు, ముళ్లపొదలు.

"మోకాలి నొప్పికి రాళ్లెక్కడం మందాండీ?"

"ఏం చెప్పమంటారు! చదునంటేనే దానికి పడదు."

ఈయన అలిగి వెనక్కి పోతే తన గతేం కాను?

"సరే పదండి. మీ మోకాలి కోసం ముళ్లు కూడా తొక్కుతాను. జట్టన్నాక సర్దుకుపోవద్దూ!"

ఆ మనిషి నవ్వాడు. ఆ నవ్వులో ఎందుకో కాస్త ఊరట కనిపించింది.

శిఖరం మీది టీ కొట్టు రేకులు కనబడగానే బన్ను పరుగు అందుకున్నాడు. అది పరుగని అతను తప్ప ఇంకెవరూ అనుకోరు.

"మూడో స్థానం! మూడో స్థానం నాది!"

"ముగ్గురిలో మూడంటే ఆఖరే కదా బావా?"

"నలుగురిలోరా, నలుగురిలో! వెనక చూడు!"

"ఇది రాంగ్‌సైడ్ ఓవర్‌టేకింగ్!" మాస్టారు బల్ల గుద్దారు. "చెల్లదు!"

అప్పుడే మంచులోంచి వచ్చిన ఆ మనిషి చెయ్యెత్తాడు. "ఆఖరు నేనేనండీ. ఒప్పుకుంటున్నాను."

మాస్టారు మరి నవ్వు ఆపుకోలేకపోయారు. బావమరిది బన్నును ఎత్తబోయి, తనే కింద పడ్డాడు. కాసేపు ముగ్గురూ చిన్నపిల్లలైపోయారు.

ఆ మనిషికి టీ ఇప్పిద్దామని బన్ను తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు.

"దిగిపోయాడు," అంది కొట్టు నడిపే ఆవిడ. "కింద ఇంకెవరో ఒంటరిగా వస్తున్నారట."

"అయ్యో, ఆ మోకాళ్లతోనా?"

"ఆయనకు మోకాలి నొప్పేంటి! పొద్దుట్నుంచి ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు."

గాలికి మంచు పక్కకు తొలగింది. ఎడమ దారి పైనుంచి స్పష్టంగా కనిపించింది. ఒకనాడు క్వారీ లారీలు తిరిగిన దారి. నున్నగా, వెడల్పుగా సాగి, ఒక్కసారిగా గాలిలో ఆగిపోయింది. కింద లోయ.

బన్ను ఆవిడ వైపు తిరిగాడు.

"ఎవరక్కా ఆయన?"

ఆవిడ స్టవ్ తగ్గించింది.

"ఒకప్పుడు ఈ కొండ ఆయనంత వేగంగా ఎక్కినవాళ్లు లేరు. మీలాగే పందేలు కట్టేవాళ్లు. ఆ రోజు కూడా ఆయనే మొదట చేరాడు. ఇదిగో, ఈ బల్లెక్కే గెలిచానని కేకలేశాడు. ఆఖరున వస్తున్న సొంత తమ్ముడు, మంచులో ఆ దారి పట్టాడు."

బన్ను కొండ అంచుకు వెళ్లి పిలవబోయాడు. ఏమని పిలవాలి? పేరైనా అడగలేదు.

చాలాసేపటికి మాస్టారు లేచారు. "పదండి, దిగుదాం."

"మీరిద్దరూ ముందు నడవండి మాస్టారూ. నా లైసెన్సు రద్దు చేసుకోండి. ఇకనుంచి ఆఖరి స్థానం నాది."

ఇద్దరూ ముందు కదిలారు.

కొట్టు పక్కన ఒక ముసలాయన దిగడానికి కెమెరా స్టాండు మడుచుకుంటున్నాడు.

"మీరు కూడా పదండి పెద్దాయనా, నాది కాస్త నెమ్మది," అన్నాడు బన్ను. ఆయన మలుపు దాకా వెళ్లేవరకు ఆగి, వెనక నడక మొదలుపెట్టాడు.