కింది వాటా కవాతు

కింది వాటాలో డప్పు మోగింది.

పై వాటాలో ప్రూఫ్‌రీడరు చేతిలోని ఎర్రకలం ఉలిక్కిపడి, ఏ పాపమూ ఎరగని పదాన్ని కొట్టేసింది.

"మొదలెట్టాడు జనరలు," అన్నాడు భార్యతో.

జనరలంటే కింద కొత్తగా దిగిన ముసలాయన. ఒంటరివాడు. ఆ బిరుదు ప్రూఫ్‌రీడరు ఇచ్చిందే. ఆయన దగ్గరున్నవన్నీ జర్మనీ, ఆస్ట్రియా సైనిక బ్యాండ్ల పాత రికార్డులు. రోజూ పొద్దున్నే ఒకటి పెడతాడు. బాకాలు, పిల్లంగోవులు, వాటి వెనకాల పెద్ద డప్పు. పటాలం ఒకటి మెట్లెక్కి తిన్నగా తన గదిలోకి వస్తున్నట్టుంటుంది ప్రూఫ్‌రీడరుకి.

"ఏడాదికి ఒక్క మార్చి అని చదువుకున్నాం. ఈయనకి పన్నెండూ మార్చిలే."

"వెళ్ళి ఆ మార్చ్ మార్చమనండి," అంది భార్య. కాపురంలో ఆవిడకీ మాటలతో ఆడుకునే ఆ జబ్బు అంటుకుంది.

"మార్చడం కాదు, మాన్పించాలి."

ఆ ఇంట్లో అసలు జబ్బు వేరే ఉంది. అది ప్రూఫ్‌రీడరు తండ్రిది. ఒళ్ళు బిగుసుకుపోయే జబ్బు. నడవబోతే పాదాలు నేలకి అతుక్కుపోయేవి. వాక్యం మధ్యలో పడ్డ ఫుల్‌స్టాపులా గడప దగ్గర నిలిచిపోయేవాడు. లాగితే పడతాడు, వదిలితే కదలడు.

ఈ మధ్యనే కాస్త నయం. పొద్దున పూట ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మంచం దగ్గర్నుంచి కిటికీ పక్క కుర్చీ దాకా నడుస్తున్నాడు. కొత్త మాత్రల మహిమ అనుకున్నారు. బతికున్నన్నాళ్ళూ తనని ఎవరూ మొయ్యకూడదన్నది ఒక్కటే పెద్దాయన కోరిక.

ప్రూఫ్‌రీడరు మెట్లు దిగి బెల్లు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఎవరూ తియ్యలేదు. పొగరనుకున్నాడు. తోస్తే తలుపు తెరుచుకుంది.

ముసలాయన రికార్డు ప్లేయరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఇంటికప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడేదాకా మనిషి వచ్చాడన్న ధ్యాసే లేదు.

ప్రూఫ్‌రీడరు కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. తనది కళ్ళతో చేసే పనేననీ, అయినా చెవుల్లో యుద్ధం జరుగుతుంటే కళ్ళు నిలవడం లేదనీ, నిన్న ఒక శుభలేఖలో పెళ్ళికూతురి పేరే తప్పు పడిందనీ చెప్పాడు. ముసలాయన అతని పెదవులకేసే చూస్తూ ఉన్నాడు, వాటిలో అచ్చుతప్పులు ఏరుతున్నట్టు. ప్రూఫ్‌రీడరుకి ఒళ్ళు మండింది.

"పైనున్న పెద్దాయన లేచే వేళకి..." అని మొదలుపెట్టాడు ముసలాయన. అవసరానికి మించిన గొంతు. పటాలానికి ఆజ్ఞ ఇస్తున్నట్టుంది.

"మా నాన్న లేవడం, కూర్చోవడం మేం చూసుకుంటాం. మీరీ గోల ఆపండి చాలు."

ముసలాయన పెదవుల్ని చివరిమాట దాకా చూసి, రికార్డు మీది ముల్లు ఎత్తేశాడు.

ప్రూఫ్‌రీడరు అంతటితో ఊరుకోలేదు. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గరికెళ్ళి, ఆయన్ని ఖాళీ చేయించమని కూడా చెప్పొచ్చాడు.

మర్నాడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ప్రూఫ్‌రీడరు ఒక్క తప్పు కూడా వదల్లేదు, కాగితం మీద.

తండ్రి మంచం దిగి నిలబడ్డాడు. అలాగే నిలబడిపోయాడు.

మాత్రలు మొండికేశాయనుకున్నారు. డాక్టరు మోతాదు పెంచాడు. పెద్దాయన మంచంపట్టె మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఏదో గొణిగేవాడు. మాట పూర్తిగా పెగలదు. చెవి ఒగ్గితే "కింద... కింద..." అన్నంత వరకే తెలిసేది.

"కింద పడవులే నాన్నా, నేనున్నాగా," అనేవాడు కొడుకు.

కొడుకు ప్రెస్సుకి వెళ్ళినప్పుడు పడ్డాడు. స్నానాల గది గడప దగ్గర. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో నడక నేర్పే అమ్మాయి, మొన్నటిదాకా ఈయన సొంతంగా ఎలా నడిచారని అడిగింది. మాత్రలతోనన్నాడు ప్రూఫ్‌రీడరు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మాత్రలొక్కటే కాదు సార్. ఈ జబ్బులో కాళ్ళు మర్చిపోయిన నడకని కొందరికి చెవులు గుర్తుచేస్తాయి. దెబ్బ తప్పకుండా పడే పాటలు, కవాతు పాటల్లాంటివి, ఇంట్లో పెట్టేవారా?"

"ఇంట్లో కాదు," అన్నాడు ప్రూఫ్‌రీడరు. నాన్న మళ్ళీ నడుస్తాడా అని అడిగాడు.

"ఈ ఎముకతో కష్టం సార్," అంది.

ఇంటికి తెచ్చిన రోజు తండ్రిని నలుగురు పట్టి మెట్లెక్కించారు. ఆ మెట్లన్నీ ఎక్కేదాకా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మంచం మీద పడుకోబెట్టి, ప్రూఫ్‌రీడరు కిందికి పరుగెత్తాడు. కింది వాటాకి తాళం వేసి ఉంది. అలికిడికి పక్క వాటాలోంచి ఇంటావిడ బయటికి వచ్చింది. చేతిలో బరువుగా ఒక అట్టపెట్టె.

"మీరన్నారని ఖాళీ చేయించేశాను బాబూ. మీరంతా ఆసుపత్రిలో ఉన్నప్పుడే వెళ్ళిపోయాడు. ఇవి పైవాళ్ళకిమ్మన్నాడు."

లోపల రికార్డు ప్లేయరు. దాని మీద రికార్డులు. పై అట్ట మీద, ఈకల టోపీల సిపాయిలు బాకాలెత్తి వరసగా నడుస్తున్నారు.

"ఇవన్నీ ఇచ్చేసి, మరి ఆయన ఏం వింటాడు?" అన్నాడు ప్రూఫ్‌రీడరు.

"ఆయన కోసం కాదట బాబూ. వాళ్ళావిడకీ ఇదే జబ్బట. ఆవిడ్ని నడిపించడానికి కొన్నాడట. ఆవిడ పోయాక మళ్ళీ ముట్టుకోలేదట, మీ నాన్నగారు మెట్ల దగ్గర బిగుసుకుపోవడం చూసేదాకా."

ఇంటావిడ పెట్టె అతని చేతుల్లో పెట్టింది.

"పోతూ పోతూ ఒక్కమాట చెప్పమన్నాడు బాబూ: 'నాకు రెండు చెవులూ వినబడవు, ఎంత గట్టిగా పెట్టానో తెలియలేదు, ఏమీ అనుకోవద్దని చెప్పమ్మా' అని."