భర్త పేరు చెప్పని సాక్షి

“ఆ బిడ్డను ఒక్కసారి ఇట్లియ్యమ్మా, ఎత్తుకుంటా.”

మదనపల్లె కోర్టు వసారాలో కూర్చున్న రాములమ్మ తల తిప్పి చూసింది. ఎవరో ముసలామె. చిరుగుల చీర, బక్కచిక్కిన ఒళ్ళు. మాటకు ముందొక దగ్గు, వెనకొక దగ్గు.

రాములమ్మ ఏడాది నిండిన బుజ్జమ్మను గుండెకు అదుముకుంది.

“నిద్రపోతా ఉండాదవ్వా.”

బుజ్జమ్మ కళ్ళు విప్పార్చుకుని నవ్వుతూనే ఉంది. ముసలామె చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

రాములమ్మకు ఆ రోజు ఎవరితోనూ మాట్లాడే మనసు లేదు. మొగుడు గంగులప్ప పుంగనూరులో ఆమెను ఇంట్లోంచి గెంటేసి, రామకుప్పం పిల్లను కట్టుకుని తెచ్చుకున్నాడు. చౌడేపల్లెలో అన్న ఇల్లు చేరితే వదిన రోజూ మూతి తిప్పుడే. ఈ దావా పోయిందంటే తల్లీబిడ్డా వీధిన పడాల్సిందే.

అది నలభై ఏడో సంవత్సరం. ఐజాక్ వకీలు ఆమెకు విడమరిచి చెప్పాడు.

“నిరుడే కొత్త చట్టం వచ్చిందమ్మా. మొగుడు ఇంకో పెండ్లి చేసుకుంటే మొదటి భార్య వేరే ఉండొచ్చు. పోషించే భారం వాడిదే. అయితే ఆ పెండ్లి జరిగిందని చెప్పే సాక్షి కావాల.”

సాక్షి ఎక్కడ దొరుకుతాడు? రెండో పెళ్ళే లేదని, పెళ్ళామే అలిగి పోయిందని గంగులప్ప నిక్షేపంగా అబద్ధమాడాడు. సంగతి తెలిసిన పుంగనూరు పెద్దమనుషులంతా మూగనోము పట్టారు.

“గంగులప్ప అని బంట్రోతు పిలిసినాడే, ఆయప్ప నీ మొగుడా?” అడిగింది ముసలామె.

“అవును. యాల?”

“రామకుప్పంలో గుడి ఊడ్సేది నేనే. ఆ పెండ్లి నా కండ్లతో సూసినా. దగ్గుకు మందు కోసరం మిషన్ ఆసుపత్రికి వచ్చి, పేరు ఇనపడితే ఈడ ఆగినా. పద, సాక్షి సెప్తా.”

రాములమ్మకు నమ్మబుద్ధి కాలేదు. “నీకేమి కావాలవ్వా?”

“నాకేం వొద్దు. నన్నూ ఇట్నే పంచాయితీలో పుల్ల ఇరిసి, తెగిపాయె పో అని తరిమేసినారు. అప్పుడీ సట్టాలు యాడుండాయి?”

“మా ఇంట్లో అడిగే పెద్దదిక్కు గూడా ల్యాదవ్వా. మా అత్త ఆయప్పను కని, కండ్లు తెరిసేలోగానే సచ్చిపోయిందంట.”

ముసలామెకు దగ్గు తెర ముంచుకొచ్చింది. చాలాసేపటికి గానీ తేరుకోలేదు.

“అర్జీలో బిడ్డ పేరు రాయించినావా? రాయించు తల్లీ. ల్యాకుంటే బిడ్డను పెరుక్కుంటారు,” అంది.

కాసేపటికి ఆమె బోనెక్కింది.

“పేరు?”

“మునెమ్మ.”

“భర్త పేరు?”

మునెమ్మ నోరు విప్పలేదు. జిల్లా మునసబు జడ్జి గారు మళ్ళీ అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

కోర్టుకు ఇది కొత్తేమీ కాదు. మొగుడి పేరు నోట పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని ఆడవాళ్ళు భయపడే కాలం అది. రాములమ్మ కూడా వకీలు చేతే చెప్పించుకుంది. గుమాస్తా నవ్వి, ‘చెప్పలేదు’ అని రాసుకున్నాడు.

“పెండ్లికొడుకు ఇతనేనని ఎట్లా చెప్తావు?” అడిగాడు గంగులప్ప తరఫు వకీలు.

“పెండ్లి సేసిన అయ్యోరు ఆయప్ప నాయన పేరు, తాత పేరు సదివినాడు సామీ. ఇన్నా. మొగమూ సూసినా. అది మరిసిపోయే మొగం గాదు.”

ఆ వకీలు తలకిందులుగా తపస్సు చేసినా మునెమ్మ మాట మార్చలేదు.

బయటికి రాగానే గంగులప్ప అడ్డం తగిలాడు.

“అడుక్కతినేదానా! నా కాపరంలో నిప్పులు పోస్తివి గదే! నీ కడుపున ఒక కొడుకు పుట్టుంటే తెలిసేది!”

ఆమె ముఖాన ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మునెమ్మ కొంగుతో తుడుచుకుని, అతను కనుమరుగయ్యే దాకా అటే చూస్తూ నిలబడింది. ఈ మనిషికి రోషమనేదే లేదా అని రాములమ్మకు విసుగొచ్చింది.

“ఆసుపత్రిలో ఉంటా తల్లీ. తీర్పు వచ్చినాక బిడ్డనొకసారి తీసుకోని రా.”

“వస్తాలేవ్వా,” అంది రాములమ్మ మాటవరసకు.

నెలన్నరకు తీర్పు వచ్చింది. వేరుగా బతికే హక్కు, తల్లికీ బిడ్డకూ నెలనెలా భరణం. రాములమ్మ ఐజాక్ వకీలు కాళ్ళకు మొక్కబోయింది.

“నాకు కాదమ్మా, ఆ ముసలామెకు మొక్కు. ఆమె ల్యాకుంటే మనం ఓడిపోయేవాళ్ళం,” అన్నాడాయన.

రాములమ్మకు సిగ్గేసింది. మర్నాడే రాగిసంకటి, నంజుకోను ఊరుబిండి మూటగట్టుకుని, బుజ్జమ్మకు తల దువ్వి బొట్టు పెట్టి బయల్దేరింది. దగ్గితే దగ్గనీ, ఈసారి బిడ్డను అవ్వ ఒళ్ళోనే కూర్చోబెట్టాలనుకుంది.

ఆసుపత్రిలో నర్సు మార్తమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

“చౌడేపల్లె రాములమ్మవా? మునెమ్మ మొన్న శుక్రవారం పోయిందమ్మా. నువ్వొస్తావని వాకిలి పక్కే సూస్తా ఉండె పాపం.”

రాములమ్మ అక్కడే కూలబడి బిడ్డను పట్టుకుని ఏడ్చింది. ఒక్కసారి ఎత్తుకుంటానని అడిగితే ఇవ్వలేకపోయానే అని కుమిలిపోయింది.

“అవ్వకు నా అనేవాళ్ళు ఎవరన్నా ఉండారా అక్కా? కబురు సెప్పినారా?”

“అడిగినానమ్మా. ‘పుంగనూరు గంగులప్పకు మాత్రం సెప్పొద్దు, కన్నతల్లి మొగాన ఉమ్మినానని తెలిస్తే నా బిడ్డ తట్టుకోల్యాడు’ అనింది.”