యేసురత్నం సారు గుడారం

"జిప్పు తియ్యి సారూ, మాట్లాడాల."

నీలం గుడారం కదిలింది. ముందు కళ్ళజోడు, తర్వాత బట్టతల, ఆ వెనక యేసురత్నం సారు మొత్తం బయటికొచ్చాడు.

"హుమాయునా? పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి వచ్చినావా? ఒంగి లోపలికి రాప్పా, చల్లగుంది."

హుమాయున్ ఒంగలేదు. అతను వచ్చింది గట్టిగా మాట్లాడడానికి. గుడారంలో మోకాళ్ళ మీద పాకుతూ గట్టిగా ఏం మాట్లాడతాడు?

సారు కొడుకు నవీన్ కుమార్‌కు పులివెందుల సంబంధం చెప్పింది హుమాయునే. పెళ్ళి సూటు కుట్టిందీ అతనే. పెళ్ళయిన నెలకే వానలకు జమ్మలమడుగులో సారువాళ్ళ పాత మిద్దె పగిలింది. దాన్ని పడగొట్టి కట్టిస్తూ, అంతవరకూ ఉండడానికి ఈ బాడుగింటికి మారారు. రంగులేసిన గోడ, పెద్ద వాకిలి, బయటికి దర్జాగానే ఉంది. హుమాయున్ ఇక్కడికి రావడం ఇదే మొదలు. నిన్న పెళ్ళికూతురి తల్లి ఇందిరమ్మ ఫోను చేయకపోతే ఇప్పుడూ వచ్చేవాడు కాదు.

"మా ప్రశాంతి కాపురానికి పోయినాక అత్తా మామా ఇల్లు ఇడిచి వాకిట్లో గుడారం ఏసుకున్నారంట. మా పిల్లే తరిమిందని జనం అనుకుంటాండారు. సంబంధం చెప్పినోడివి, నువ్వే పోయి వాళ్ళను లోపలికి పంపు. లేకుంటే ఆదివారం మా పెద్దోళ్ళను తీసుకొని వస్తా" అందామె.

"ఏంది సారూ ఈ వేషం?" అన్నాడు హుమాయున్.

"వేషం కాదప్పా, క్యాంపింగు." సారు మడత కుర్చీ విప్పి వేశాడు. "గండికోట కాడ టెంట్లు బాడుగకిచ్చేటోళ్ళు పాతది తీసేస్తాంటే తెచ్చుకున్నా. దీనికోసం బెంగులూరు నుంచి వస్తాండారు జనం."

"వాళ్ళు కోట చూసేదానికి వస్తారు. నువ్వు నీ ఇంటి గోడ చూస్తాండావు."

"చూసేదాంట్లో ఏముంది? పండుకునేదాంట్లో ఉంది. మా జేజినాయన మిషను దొరల గుడారానికి మేకులు కొట్టినోడు. అప్పటిదంటే మందం కాన్వాసు, రెండు పొరల కప్పు. మోసేదానికి ఎద్దులబండి. మడత మంచానికి, లాంతరుకు ఇంకో బండి. కలెక్టరైనా అంతే, ఊరూరికీ గుడారమే. ఇప్పటి ఆఫీసర్లు ఏసీ లాడ్జిలో పండుకోని కూడా క్యాంపుకు పోయినామంటారే, ఆ మాట ఆడ పుట్టిందే."

"నేనడిగింది అది కాదు సారూ."

"ఇను. వాళ్ళంతా పని కోసం గుడారాల్లో ఉన్నోళ్ళు. సరదా కోసం పండుకునేది తర్వాత వచ్చింది. సైకిలు మీద పట్టేంత తేలిక గుడారం కుట్టి, దాన్ని ఏసుకొని తిరగండని పుస్తకం రాసినోడు ఎవరో తెలుసా? ఇంగ్లండులో ఒక దర్జీ."

హుమాయున్ కోపం కాసేపు దారి తప్పింది. "దర్జీనా? ఏ గుడ్డతో కుట్టినాడు?"

"పట్టు అంట."

హుమాయున్ చెయ్యి తనకు తెలియకుండానే గుడారం అంచు పట్టుకుని కుట్టు తడిమింది. "ఇది నైలాను. కుట్టు మీద టేపేసినారు, వాన దిగదు" అన్నాడు. ఎందుకొచ్చాడో గుర్తొచ్చి గబుక్కున వదిలేశాడు.

అంతలో గుడారంలోంచి దిండు చేతపట్టుకుని సుశీలమ్మ వచ్చింది.

"అక్కా, నువ్వు కూడానా?"

"ఈయనను ఒక్కన్నే ఇడిస్తే కళ్ళజోడు మింద పండుకుంటాడు భాయ్. ఇప్పటికే ఒకటి ఇరగ్గొట్టినాడు."

"నడుము నొప్పి లేదా?"

"శానా ఉంది" అంది సుశీలమ్మ. భర్త చూపు తగలగానే సర్దుకుంది. "గాలి మాత్రం బాగుంటాది."

సారు ఇంటివైపు తిరిగి గట్టిగా దగ్గాడు. కొంచెం ఆగి మళ్ళీ దగ్గాడు.

"జలుబు చేసిందా?"

"లేదులే. టీ చెప్పల్లని."

తన ఇంట్లో టీ అడగడానికి వాకిట్లో నిలబడి దగ్గాలా?

కొంతసేపటికి తలుపు తీసి ప్రశాంతి టీ తెచ్చింది. వెనకే నవీన్ వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా బండెక్కి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

"పాపా, అత్తను మామను లోపలికి పిలవకూడదా?" అన్నాడు హుమాయున్.

ప్రశాంతి ముఖం ఎర్రబడింది. "పిలుస్తానే ఉండాము బాబాయ్. బయటే బాగుందంటారు." తల ఎత్తకుండానే గ్లాసులు పెట్టి లోపలికి పోయింది.

తప్పు చేసినవాళ్ళే అట్లా తల దించుకుంటారనుకున్నాడు హుమాయున్.

"నిజం చెప్పు సారూ. కోడలు ఏమన్నా అనిందా?"

"ఆ పిల్ల బంగారమప్పా."

"కొడుకా?"

"వాడు నోరే తెరవడు."

"మరి ఎవరి మింద అలిగినావు?"

"అలిగేదేంది? సరదా అంటాంటే వినవే."

ఊర్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి, కోడలి పేరు బయటికి రానీకుండా నేల మీద పడుకుని సరదా అంటున్నాడు. ఇంత మంచితనానికి ఇదా ఫలం? ఆ సంబంధం తెచ్చిన పాపం తనది.

"ఇంక చాలు. నువ్వు రాకుంటే నీ పరుపన్నా లోపలికి వస్తాది." గుడారంలోంచి పరుపు లాగి, చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"హుమాయున్, వద్దప్పా." సారు గొంతులో మొదటిసారి కంగారు వినబడింది.

సుశీలమ్మ అడ్డం వచ్చింది. "నీకు దండం పెడతా భాయ్, లోపలికి పోవద్దు."

ఇంతగా భయపెట్టిందా ఈ పిల్ల అనుకున్నాడు హుమాయున్. పక్కనుంచి దాటుకుని, తలుపు తోసి లోపలికి అడుగుపెట్టాడు.

"పాపా, మీ మామ పరుపు ఏ గదిలో వెయ్యాల?"

ఆ మూల పొయ్యి దగ్గర ప్రశాంతి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఈ మూల పెళ్ళినాటి కొత్త మంచం ఉంది. హుమాయున్ పక్కగది తలుపు కోసం నాలుగు గోడలూ కలయజూశాడు.

ఆ ఇంటికి రెండో గది లేదు.