పైడితల్లి కుడికాలు

ఎవరికి పుండు పడినా, ల్యాబ్ చేసే మందు పరీక్షకు పేరు రాయించుకుంటేనే వైద్యం దొరికే రోజులవి. పైడితల్లికి రెండు కాళ్లకూ పుళ్లే. కుళ్లును తినేసే ఎంజైమ్ మందు ఎడమకాలికి, తేడా చూడడానికి ఉత్త నీళ్లు కుడికాలికి పూసుకోమని ల్యాబ్ అమ్మాయి నిర్మల రెండు సీసాలిచ్చింది.

"రెండూ నా కాళ్లే కదేటి!" అనుకుని పైడితల్లి నీళ్లు పారబోసి, మందునే రెండింటికీ పూసింది. రెండూ మానాయి.

నీళ్లకీ అంత మహిమ ఉందని ల్యాబ్ పొంగిపోయింది. మందు తయారీ ఆపేసి, నీళ్లకే మందని పేరు పెట్టి ఊరూరా పంపింది.

మరుసటేడు పైడితల్లి మడమ చీము పట్టింది. నిర్మల నీళ్ల సీసా ఇచ్చింది.

"ఇయి నీల్లమ్మా! అప్పుడు నాను పారబోసీసినాను!"

"మీ మాటెవరిక్కావాలి పెద్దమ్మా? మీ కుడికాలే రుజువు!"