రాణి దగ్గు

నెల్లిమర్ల మొత్తమ్మీద అబద్ధమాడని మనిషి ఒక్కడే, భీమశంకరరావు. ఆ మనిషే ఇప్పుడు ఆస్పత్రి మంచమ్మీద కూర్చుని డాక్టరమ్మతో అబద్ధమాడుతున్నాడు.

“ఇంట్లో ఇంకెవరున్నారు తాతా?”

“ఎవులున్నారమ్మా! నానూ, మా ముసిల్దీ.”

పక్కనే మహాలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

డాక్టర్ శ్రావణి ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ తెల్లటి మచ్చలు. టీబీ కాదని తేలింది. వారంపాటు వాడిన యాంటీబయాటిక్ జ్వరాన్ని కదిలించనేలేదు.

“ఇది మామూలు నిమ్ము కాదు. ఎక్కణ్ణుంచి అంటిందో తెలిస్తే మందు మారుస్తాను. దాచావంటే ప్రాణం మీదికొస్తుంది.”

ఆమె అటు వెళ్లగానే మహాలక్ష్మమ్మ అందుకుంది. “సెప్పీరాదేటి మావా?”

“సెప్తే గుంటని అట్టుకుపోతారే! మనకాడ కాగితాలేటున్నాయి? నాను సస్తే సచ్చాను. ఇంటికాడ పదిసార్లు సెప్పాను గదా, నోర్మూసుకో.”

తుపాను నాడు వాకిట్లో తడిసి ముద్దై పడున్న రాణిని లోపలికి తెచ్చింది అతనే. గుడ్డలో చుట్టి, గంజి చుక్కలు పోసి బతికించాడు. జామపండు కొరికి, ఆ ముక్క తన పెదవులతోనే అందించేవాడు. రాణి అతని భుజం దిగేది కాదు. అతనేమంటే అదే అనేది.

శ్రావణి వదిలే రకం కాదు. మర్నాడు స్కూటీ వేసుకుని తనే ఇంటికొచ్చేసింది. మహాలక్ష్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇంట్లో ఎవులూ నేరమ్మా!”

లోపలినుంచి ఖళ్లుఖళ్లున దగ్గు. అచ్చం ముసలాడి దగ్గే. ఆ వెనకే మాట: “ఒసే! డాక్టరమ్మకి సెప్పకే!”

శ్రావణి లోపలికెళ్లి చూసి, నడుమ్మీద చేతులేసుకుని నవ్వింది. మహాలక్ష్మమ్మ చేత పేరుతో సహా అంతా చెప్పించుకుంది. తిన్నగా ఆస్పత్రికొచ్చి, “రాణి దొరికింది తాతా,” అంది.

భీమశంకరరావు కళ్లు మూసుకున్నాడు. “అట్టుకుపోతారేటి?”

“దానికీ ఒంట్లో బాగోలేదు. దాని డాక్టరు వేరే ఉన్నాడు, నేను మాట్లాడతాను. ముందు ఈ డాక్సీసైక్లిన్ మింగు. మళ్లీ నోటితో తినిపించావో, నేనే పట్టిస్తాను!”

మూడోరోజుకి జ్వరం దిగింది. రెండు వారాలకి దగ్గు సర్దుకుంది. కోలుకున్న రాణిని అతనే తన చేతుల్తో తీసుకెళ్లి దాని వాళ్లలో కలిపేశాడు. ఏడవలేదనే చెబుతాడు, అబద్ధమాడని మనిషి కదా! పొద్దున్నే జామపండుకోసం రాణి వస్తూనే ఉంది.

ఈ కథలో నేను కల్పించిందల్లా ఆ దగ్గొక్కటే. “సెప్పకే” అన్న మాట మాత్రం అక్షరాలా నిజం.

చిలక దగ్గుతుందా ఎక్కడైనా!