గోడకున్న కన్నం

గదిలో అడుగు పెట్టగానే హ్లెంగివేకి ముందు కనిపించింది ఆ కన్నమే.

కిటికీ లేని గది. వెనక గోడలో, తల ఎత్తున, పిడికిలి పట్టేంత కన్నం. అక్కడ జూలై అంటే నడి చలికాలం; అందులోంచి చలిగాలి తిన్నగా మంచం మీదికే కొడుతోంది.

"ఇదేంటి గోగో?" అనడిగింది.

ఇంటావిడ వీధి మొత్తానికీ అమ్మమ్మే కాబట్టి అందరూ గోగో అనే పిలుస్తారు. ఆమె తాళంచెవి చేతిలో పెట్టి, "అందుకేగా అద్దె తగ్గించింది," అంటూ గబగబా వెళ్ళిపోయింది.

హ్లెంగివే ఇంకేమీ అడగలేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకి ఏదీ గట్టిగా తగలడం మానేసింది. మిగిలింది మూడేళ్ళ కూతురు జిన్‌హ్లే ఒక్కతే. ఆ పిల్లకి అప్పటికే దగ్గు. ఈ చలికాలం దాటిస్తే చాలు.

మొదట కరెంటు హీటరు పెట్టింది. వారానికని ముందే డబ్బు కట్టి మీటర్లో వేయించుకున్న కరెంటు రెండో రోజుకే అయిపోయింది.

తర్వాత కిరసనాయిలు పొయ్యి పెట్టింది. ఆ వాసనకి పిల్ల దగ్గు రెట్టింపైంది.

ఇక మిగిలింది బొగ్గు. చుట్టూ గనులే, బొగ్గుకేం కరువు? పాత రంగు డబ్బాకి చిల్లులు పొడిచి అక్కడందరూ ఇంబావులా అనే బొగ్గుల కుంపటి తనూ ఒకటి చేసుకుంది. దోసెడు బొగ్గుతో రాత్రంతా గడిచిపోతుంది. ఇంతకంటే చవకైన వేడి లోకంలో లేదు.

సాయంత్రమయ్యేసరికి అందరూ ఇంబావులాలు వాకిట్లో వెలిగిస్తారు. నల్లపొగ పోయి బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకుని తలుపేసుకుంటారు. పక్కన బేసిన్‌తో నీళ్ళు పెడతారు. పొగ పోతే విషం పోయినట్టేనని, ఏ కాస్త మిగిలినా నీళ్ళు తాగేస్తాయని ఆ వీధి నమ్మకం. హ్లెంగివే కూడా అలాగే చేసింది.

కన్నంలో పాతగుడ్డలు కుక్కింది.

తెల్లారేసరికి గుడ్డలు లేవు.

మళ్ళీ కుక్కింది. మళ్ళీ లేవు.

నాలుగో రోజు సాయంత్రం గోడ వెనక కాపు కాసింది. వీధిలో ఇంబావులాలు లోపలికెళ్ళే వేళకి ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో ఇనప చువ్వ.

"ఏయ్ తాతా! నీకేం పోయేకాలం? నా పిల్ల చలికి చస్తోందిక్కడ!"

"వదిలెయ్ తల్లీ."

"ఏం వదిలెయ్యాలి?"

"కన్నం. వదిలెయ్."

"పొడుచుకుంటే నీ ఇంట్లో పొడుచుకో కన్నాలు!"

ముసలాయన ఆమెకేసి చూశాడు. చువ్వ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఎవరు గోగో ఆ పిచ్చోడు?"

"గనిలో పనిచేసేవాడు. ఇప్పుడు మనిషి మనిషిలో లేడు. పట్టించుకోకు," అంది గోగో. పొయ్యిమీద గంజి మాడుతోందంటూ లోపలికి పోయింది.

మర్నాడు హ్లెంగివే కాస్త సిమెంటు అడిగి తెచ్చుకుంది. కన్నం నిండా రాళ్ళు పెట్టి, పైన సిమెంటు మెత్తింది. చేతులు కొంకర్లు పోయాయి. అయినా గోడకేసి చూసుకుంటే హాయిగా అనిపించింది.

సాయంత్రం ఇంబావులా లోపలికి తెచ్చిందో లేదో, గోడ అవతల గీకుడు.

ఒళ్ళు మండిపోయింది. పక్కనున్న బేసిన్ ఎత్తుకుని వెనక్కి పరిగెత్తి, నీళ్ళన్నీ ముసలాయన నెత్తిన కుమ్మరించింది.

"ఇంకోసారి వచ్చావంటే చూడు!"

ఆయన తిట్టలేదు. నీళ్ళు కారుతున్న కోటుతో నిలబడి, "పిల్లుందిగా లోపల," అన్నాడు.

"ఉంది. అందుకే పొమ్మంటున్నా!"

వెళ్ళాడు. హ్లెంగివే మళ్ళీ బేసిన్ నింపి, తలుపేసుకుంది. గది మొదటిసారి వెచ్చబడింది. పిల్ల దగ్గలేదు. కూతుర్ని పొదువుకుని ఆదమరిచి నిద్రపోయింది.

పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంది. జిన్‌హ్లే ముఖం మీద గుండ్రటి ఎండ పడుతోంది.

గోడకేసి చూసింది. కన్నం.

తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. చలికి గట్టిపడని సిమెంటు పెళ్ళలు కింద పడి ఉన్నాయి. వాటి పక్కనే ముసలాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చువ్వ ఒళ్ళోనే ఉంది. తడి కోటు గడ్డకట్టి అట్టలా బిగుసుకుపోయింది.

కదిపి చూసింది. కదల్లేదు.

గోగో దుప్పటి కప్పుకుని వచ్చింది. చూసి అక్కడే చతికిలబడింది.

"నీళ్ళు పోశాను గోగో," అంది హ్లెంగివే. ఏడుపు రాలేదు. "నేనే పోశాను."

గోగో తన దుప్పటి తీసి ముసలాయన మీద కప్పింది.

"నీకు చెప్పాల్సింది. చెబితే గదిలోకి ఎవరొస్తారని ఊరుకున్నాను."

"ఏం చెప్పాలి?"

లోపల్నుంచి జిన్‌హ్లే "అమ్మా" అని పిలిచింది. ఆ పిలుపు కన్నంలోంచి స్పష్టంగా వినిపించింది.

"మా పెరట్లో ఈ గది ఆయన కట్టుకున్నదే తల్లీ," అంది గోగో. "పన్నెండేళ్ళ కిందట రాత్రి పని దిగి వచ్చేసరికి పెళ్ళామూ ఇద్దరు పిల్లలూ నిద్రపోయినట్టే ఉన్నారు, పక్కన ఇంబావులా ఇంకా వెచ్చగానే ఉంది, ముగ్గుర్నీ బయటికి మోసుకొచ్చి పడుకోబెట్టి, మళ్ళీ లోపలికెళ్ళి ఈ చువ్వతోనే ఆ కన్నం పొడిచాడు."